సీజీఏ అంటే లెక్కలు రాసే ఆఫీసరేనా? అకౌంట్స్ ఆఫీసులో పనిచేసిన అనుభవంతో నా జవాబు

మీ తమ్ముడికి సివిల్స్‌లో ఐసీఏఎస్ (ఇండియన్ సివిల్ అకౌంట్స్ సర్వీస్) వచ్చిందని, చుట్టాలంతా "ఐఏఎస్ రాలేదా, అకౌంట్స్ ఉద్యోగమా" అని అడుగుతున్నారని, ఈ సర్వీసులో చివరిదాకా వెళ్తే వచ్చే కంట్రోలర్ జనరల్ ఆఫ్ అకౌంట్స్ (సీజీఏ) పదవిలో అసలు ఏం చేస్తారో చెప్పమని అడిగారు. నేను ఐసీఏఎస్ కాదు. కింది కేడర్‌లో చేరి, పరీక్షలు రాసుకుంటూ సీనియర్ అకౌంట్స్ ఆఫీసర్ దాకా వచ్చి రిటైరయ్యాను. ఎక్కువ కాలం ఢిల్లీలో, కేంద్ర మంత్రిత్వ శాఖల బిల్లులు పాస్ చేసి లెక్క రాసే పే అండ్ అకౌంట్స్ ఆఫీసుల్లోనే గడిచింది. సీజీఏ సంతకంతో వచ్చే ఆర్డర్లు మా టేబుళ్ల మీద పనిగా మారేవి కాబట్టి, ఆ కుర్చీ ఏం చేస్తుందో కింది నుంచి చూసినవాడిగా చెప్తాను. ఆ కుర్చీలో ఆడవాళ్లు కూడా చాలామంది కూర్చున్నారు, అందుకే ఆయన, ఆవిడ అనకుండా సీజీఏ అనే రాస్తాను.

ముందు ఒక విషయం. దేశంలో దేనికి ఎంత ఖర్చు పెట్టాలో సీజీఏ నిర్ణయించరు. అది కేబినెట్, ఆర్థిక మంత్రి, చివరికి పార్లమెంటు చేసే పని. ఖర్చు ప్రతిపాదనలను పరిశీలించేది వ్యయ శాఖ కార్యదర్శి. బడ్జెట్ తయారుచేసేది, ఎంత అప్పు తేవాలో చూసేది ఆర్థిక వ్యవహారాల శాఖ. ఆ అప్పు కోసం బాండ్లు వేలం వేసేది, ప్రభుత్వం ఖాతా ఉంచుకునేది రిజర్వు బ్యాంకు. అంతా అయ్యాక ఆడిట్ చేసి తప్పొప్పులు తేల్చేది కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్). మరి సీజీఏకి మిగిలిందేంటి? అనుమతి వచ్చిన రూపాయి ఏ రోజు ఖజానా దాటాలి, దాటితే ఏ పద్దు కింద రాయాలి, ఇవాళ్టికి ఎంత వెళ్లింది, ఎంత వచ్చింది అన్నది. చిన్న పనిలా వినిపిస్తుంది కానీ, ఇది సరిగ్గా జరగకపోతే పైన చెప్పిన వాళ్లెవరికీ తాము ఎక్కడున్నారో తెలియదు.

మన రాష్ట్రాల్లో ట్రెజరీ అంటే అందరికీ తెలుసు. డీడీవో (ఆఫీసు తరఫున డబ్బు డ్రా చేసే అధికారి) బిల్లు పెడతారు, సబ్ ట్రెజరీలో పాస్ చేస్తారు, లెక్క మాత్రం ఏజీ (అకౌంటెంట్ జనరల్) ఆఫీసుకి వెళ్తుంది, పెన్షన్ కోసం మన మాస్టార్లంతా తిరిగేది అక్కడికే. అంటే రాష్ట్రాల లెక్కలు రాసేదీ, ఆడిట్ చేసేదీ ఇప్పటికీ కాగ్ కింద ఉన్న వ్యవస్థే. కేంద్రంలో కూడా 1976 దాకా అంతే. ఏ మంత్రిత్వ శాఖకైనా తను ఎంత ఖర్చుపెట్టిందో తెలియాలంటే ఏజీ లెక్క వచ్చేదాకా ఆగాలి, ఆ లెక్క నెలల తరబడి ఆలస్యమయ్యేది. 1976లో కాగ్ చట్టాన్ని సవరించి కేంద్ర ప్రభుత్వ లెక్కలను ఆడిట్ నుంచి విడదీశారు. రక్షణ, రైల్వే లాంటివి మినహా మంత్రిత్వ శాఖలకి సొంత అకౌంట్స్ ఆఫీసులు వచ్చాయి, వాటన్నిటి మీదా సీజీఏ. మీ తమ్ముడికి వచ్చిన సర్వీసు పుట్టింది ఆ మార్పులోంచే. రాష్ట్రాలు కూడా ఈ దారిలోకి రావాలని నా అభిప్రాయం, అది వేరే చర్చ.

ఇప్పుడు ఒక బిల్లు ఎలా నడుస్తుందో చూడండి. ఒక శాఖ ఒక సంస్థకి గ్రాంటు మంజూరు చేసిందనుకుందాం. మంజూరు ఉత్తర్వు, దాని మీద ఫైనాన్స్ వాళ్ల అంగీకారం, బిల్లు మా దగ్గరికి వస్తాయి. మేము చూసేవి: ఈ ఖర్చుకి పార్లమెంటు ఓటు వేసిందా, ఆ పద్దులో ఇంకా డబ్బుందా, మంజూరు చేసిన అధికారికి ఆ స్థాయి ఉందా, పాత గ్రాంటు ఖర్చుపెట్టిన సర్టిఫికెట్ ఇచ్చారా. ఆ తర్వాత పద్దు కోడ్. మొత్తం 15 అంకెలు, ఆరు మెట్లు. మొదటి నాలుగంకెలు మేజర్ హెడ్. అవి 2తోనో 3తోనో మొదలైతే రెవెన్యూ ఖర్చు (రోజువారీ ఖర్చు), 4, 5 అయితే పెట్టుబడి ఖర్చు. 3054 అంటే రోడ్ల నిర్వహణ లాంటి ఖర్చు, 5054 అంటే రోడ్ల మీద పెట్టుబడి. చిట్టచివరి రెండంకెలు ఆబ్జెక్ట్ హెడ్. గ్రాంటు మామూలు ఖర్చుకైతే 31, ఆస్తులు కట్టడానికైతే 35, జీతాలకైతే 36.

31 వేయాల్సిన చోట 35 వేస్తే ఏమవుతుందని కొత్తగా చేరిన పిల్లలు అడిగేవారు. డబ్బు ఎలాగూ ఆ సంస్థకే వెళ్తుంది కదా అని. నిజమే, వెళ్తుంది. కానీ రెవెన్యూ లోటులోంచి (రోజువారీ ఖర్చుకి రాబడి చాలక పడే లోటు) ఈ 35 కింద ఇచ్చిన గ్రాంట్లను తీసేసి ఎఫెక్టివ్ రెవెన్యూ డెఫిసిట్ అని ఇంకో అంకె బడ్జెట్ పత్రాల్లో చూపిస్తారు, 2011-12 బడ్జెట్ నుంచి ఆ పద్ధతి ఉంది. రోజువారీ ఖర్చుల గ్రాంటుని 35 కింద రాసేస్తే దేశం ఆస్తులు కడుతోందని లెక్క చెబుతుంది, అక్కడ నిజానికి కరెంటు బిల్లు కట్టారు. ఒక్క బిల్లుతో ఏమీ కాదు, వందల ఆఫీసుల్లో అదే అలవాటైతే పార్లమెంటు ముందుకి వెళ్లే అంకే తప్పవుతుంది. ఆ కోడ్ విషయంలో మేము ఎందుకంత పట్టుదలగా ఉండేవాళ్లమో శాఖల వాళ్లకి అర్థమయ్యేది కాదు. గుమాస్తా బుద్ధి అనుకునేవారు.

ఇక అసలైన భాగం నగదు. 2025-26 బడ్జెట్ అంచనా ప్రకారం కేంద్రం మొత్తం ఖర్చు 50.65 లక్షల కోట్లు. 365 రోజులకి పంచితే రోజుకి దాదాపు 14 వేల కోట్లు. రిజర్వు బ్యాంకులో ప్రభుత్వం ఉంచాల్సిన కనీస నిల్వ ఎంతో తెలుసా? రోజూ 10 కోట్లు, శుక్రవారాల్లో 100 కోట్లు. అంటే డబ్బు వచ్చే రోజులూ పోయే రోజులూ ముందే తెలిసి ఉండాలి. కంపెనీల అడ్వాన్స్ ట్యాక్స్ జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల్లో 15వ తేదీకి వస్తుంది. జీఎస్టీ ప్రతి నెలా 20 ప్రాంతంలో. రాష్ట్రాలకి పన్నుల వాటా ప్రతి నెలా 10న వెళ్తుంది. జీతాలు నెలాఖరు పనిదినాన, ఒక్క మార్చి జీతం మాత్రం ఏప్రిల్ మొదటి పనిదినాన ఇస్తారు (కేంద్ర ఉద్యోగులు ఇంట్లో ఉన్నవాళ్లకి ఆ ఒకటో తేదీ ఎదురుచూపు తెలుసు). పాత బాండ్ల వడ్డీలు, అసళ్లు ఏ రోజు పడితే ఆ రోజు కట్టాలి.

ఒకప్పుడు ఈ టెన్షన్ లేదు. నిల్వ తగ్గితే అడ్‌హాక్ ట్రెజరీ బిల్లులు (ప్రభుత్వం రిజర్వు బ్యాంకుకి రాసిచ్చే అప్పు పత్రాలు) వాటంతట అవే పుట్టేవి, రిజర్వు బ్యాంకు ఆ మేరకు డబ్బు ఇచ్చేది. నోట్లు అచ్చేసి లోటు పూడ్చడమే అది. 1994లో దీనికి పరిమితి పెట్టాలని ప్రభుత్వానికీ రిజర్వు బ్యాంకుకీ ఒప్పందం కుదిరింది, 1997 ఏప్రిల్ నుంచి పూర్తిగా ఆగింది. అప్పటి నుంచి రిజర్వు బ్యాంకు నుంచి కేంద్రానికి దొరికేది వేస్ అండ్ మీన్స్ అడ్వాన్సులు అనే తాత్కాలిక అప్పు, దానికో హద్దుంటుంది, మూడు నెలల్లో తీర్చాలి. ఖజానాలో ఎంతుందో, వచ్చే వారం ఎంత పోతుందో తెలియడం అప్పుడే ప్రాణావసరమైంది, సీజీఏ దగ్గరున్న రోజువారీ లెక్క విలువ కూడా అప్పుడే అందరికీ తెలిసొచ్చింది.

నేను చాలా ఏళ్లు మనసు పెట్టి చేసిన పని ఒకటుంది, దాని గురించి కాస్త వివరంగా రాస్తాను. అది కదలని డబ్బు. ఒక స్వయంప్రతిపత్తి సంస్థ (పేరు చెప్పను) ఫిబ్రవరి ఆఖర్లో గ్రాంటు మలి విడత కోసం బిల్లు పంపించింది. కాగితాలన్నీ ఉన్నాయి, ఖర్చుపెట్టిన సర్టిఫికెట్ మీద సంతకాలూ ఉన్నాయి, మిగులు చాలా కొద్దిగా చూపించారు. దానికి జత చేసిన ఆడిటెడ్ అకౌంట్స్‌ని ఎవరూ పెద్దగా తిరగేయరు. నేను తిరగేశాను. వెనక షెడ్యూల్లో "బ్యాంకుల్లో స్వల్పకాలిక డిపాజిట్లు" అని ఒక వరస ఉంది, ఆ మొత్తం అడుగుతున్న విడత కంటే ఎక్కువ. అంటే పాత గ్రాంట్లు ఎఫ్‌డీల్లో పడి వడ్డీ సంపాదిస్తున్నాయి, ఇంకోపక్క ప్రభుత్వం అంతకంటే ఎక్కువ వడ్డీకి బాండ్లు అమ్మి అప్పు తెచ్చి వీళ్లకే మళ్లీ ఇవ్వబోతోంది. బిల్లు వెనక్కి పంపి, బ్యాంకు నిల్వల వివరం అడిగాను. మధ్యాహ్నానికల్లా ఫోన్లు మొదలయ్యాయి. మీరు బిల్లు ఆపితే ఉద్యోగుల జీతాలు ఆగిపోతాయి, బాధ్యత మీదే అన్నారు. జీతాల గ్రాంటు 36 కింద విడిగా అప్పటికే ఇచ్చేశాం, ఆ వోచర్ నంబరు చెప్పాను. మా చీఫ్ కంట్రోలర్ (శాఖలో అకౌంట్స్‌కి పెద్ద) ఫైలు చూసి నా నోట్ కిందే సంతకం పెట్టి ఫైనాన్షియల్ అడ్వైజర్‌కి పంపారు. విడత బాగా తగ్గింది, డిపాజిట్ల మీద వచ్చిన వడ్డీని సంచిత నిధికి, అంటే ప్రభుత్వ ఖజానాకి, జమ చేయాలని లెటర్ వెళ్లింది. ఆ చీఫ్ కంట్రోలర్ కూడా ఐసీఏఎస్సే. అలాంటి రోజున పైవాళ్లు నిలబడతారా లేదా అన్నదాని మీదే మా ఉద్యోగమంతా ఆధారపడి ఉండేది.

ఒక సంస్థ సంగతి ఇది. దేశమంతా ఇలాంటి సంస్థలు, పథకాల పేరుతో రాష్ట్రాల్లో, జిల్లాల్లో తెరిచిన బ్యాంకు ఖాతాలు ఎన్ని ఉండేవో ఊహించుకోండి. అదే 2025-26 బడ్జెట్‌లో వడ్డీల చెల్లింపే 12.76 లక్షల కోట్లు, ఖర్చయ్యే ప్రతి నాలుగు రూపాయల్లో ఒకటి. అలాంటప్పుడు ఎక్కడో ఖాతాలో నిద్రపోయే డబ్బుని చూస్తూ ఊరుకోకూడదు. సీజీఏ కింద నడిచే పీఎఫ్ఎంఎస్ అనే ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థ (మీ ఊళ్లో పీఎం కిసాన్ రెండు వేలు పడినప్పుడు వెనక నడిచేది అదే) బలపడ్డాక దీని మీద నిజంగా పని జరిగింది. ట్రెజరీ సింగిల్ అకౌంట్ పద్ధతిలో సంస్థలకి డబ్బు ముందే ఇచ్చేయరు, రిజర్వు బ్యాంకులో ఖాతా తెరిచి ఇంత దాకా వాడుకోవచ్చని పరిమితి ఇస్తారు, అవసరమైన రోజే డబ్బు కదులుతుంది, మార్చి 31కి వాడనిది మురిగిపోతుంది. కేంద్ర ప్రాయోజిత పథకాలకి 2021 నుంచి రాష్ట్రానికి ఒక పథకానికి ఒకే నోడల్ ఏజెన్సీ, ఒకే ఖాతా అన్నారు. ఇప్పుడు ఎస్ఎన్ఏ-స్పర్శ్ అని ఆ ఖాతాలో కూడా ముందుగా డబ్బు పెట్టకుండా, రాష్ట్ర ట్రెజరీ నుంచి బిల్లు వచ్చినప్పుడే కదిలేలా చేస్తున్నారు. వీటి మీద టీవీలో చర్చలు ఉండవు. కానీ ఈ దేశం అప్పుల ఖర్చు తగ్గించిన పనుల్లో వీటికి పెద్ద చోటుండాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఇందులో ఇంకో వైపు కూడా ఉంది. ఖాతాల మార్పిడి జరిగే రోజుల్లో పేర్లు మ్యాప్ కాక, యూజర్ ఐడీలు రాక, ఫెలోషిప్ మీద బతికే పరిశోధక విద్యార్థులు, పథకాల్లో కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లు నెలల తరబడి డబ్బు కోసం చూశారు. వాళ్లలో కొందరు మా ఆఫీసుకి వచ్చి కూర్చునేవారు. డబ్బు అవసరమైన రోజే ఇస్తాం అన్నప్పుడు, ఆ రోజున కచ్చితంగా ఇవ్వాలి కూడా. వాడని మిగులు మీద పెట్టిన శ్రద్ధంతా ఆలస్యమైన చెల్లింపుల మీద కూడా పెట్టాలని మా మీటింగుల్లో చెప్పేవాణ్ణి, ఇప్పుడూ అదే చెప్తాను. మీ తమ్ముడు పైకి వెళ్లాక ఇది చేయగలిగితే ఎంతోమంది ఇళ్లల్లో దీపం పెట్టినట్టే.

మార్చి గురించి అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా. ఏడాది చివర్లో హడావిడి ఖర్చు ఆర్థిక నియమాలకి విరుద్ధమని జీఎఫ్ఆర్ (ప్రభుత్వ ఖర్చుల నియమావళి)లోనే రాసి ఉంది, చివరి మూడు నెలల్లో 33 శాతం, ఒక్క మార్చిలో 15 శాతం మించకూడదని పరిమితి ఉంది. అయినా మార్చి 31 సాయంత్రం కౌంటర్ ముందు ఫైళ్లు పట్టుకుని నిలబడేవాళ్లు ఉంటూనే ఉంటారు. 2017లో బడ్జెట్‌ని ఫిబ్రవరి 1కి జరిపాక, ఖజానా నుంచి ఖర్చుకి అనుమతిచ్చే ద్రవ్య వినిమయ బిల్లు సాధారణంగా మార్చి ముగిసేలోపే పాసవుతోంది కాబట్టి ఏప్రిల్ నుంచే పనులు మొదలై ఒత్తిడి కొంత తగ్గింది.

2020 ఏప్రిల్ మాత్రం మర్చిపోలేను. లాక్‌డౌన్‌తో పన్నులు ఆగిపోయాయి, ఖర్చు ఆగదు. ఏప్రిల్ 8న మంత్రిత్వ శాఖల్ని ఎ, బి, సి అని మూడుగా విడగొడుతూ ఉత్తర్వు వచ్చింది. బి వాళ్లు మొదటి మూడు నెలల్లో బడ్జెట్‌లో 20 శాతం దాటకూడదు, సి వాళ్లు 15 శాతం. ఆరోగ్యం, ఆహారం లాంటివి ఎ లో ఉన్నాయి. మా శాఖ సి లో పడింది. రిజర్వు బ్యాంకు వేస్ అండ్ మీన్స్ హద్దుని 1.2 లక్షల కోట్ల నుంచి 2 లక్షల కోట్లకి పెంచింది, మే నెలలో ఆ ఏడాది మార్కెట్ అప్పు లక్ష్యాన్ని 7.8 లక్షల కోట్ల నుంచి 12 లక్షల కోట్లకి పెంచారు. సగం మంది సిబ్బంది ఇళ్లల్లో, మిగతా సగం మాస్కులతో ఆఫీసులో. అయినా నెలవారీ లెక్క ఆగలేదు. ఈ విషయంలో మా సంస్థ అంటే నాకు గౌరవం. ప్రతి నెలా లెక్క తర్వాతి నెలాఖరుకి బయటికి వస్తుంది, ఎవరైనా చూడొచ్చు. ఏడాది మొత్తానికి ప్రొవిజనల్ (ఆడిట్ కాని) అంకెలు మే 31కి వస్తాయి. బడ్జెట్‌లో జీడీపీలో 3.5 శాతం అనుకున్న ద్రవ్యలోటు 9 శాతం దాటిన ఆ ఏడాది కూడా ఆ అంకెని అలాగే ప్రకటించారు.

అయితే ఆ అంకెకి ఒక పరిమితి ఉంది, మీ తమ్ముడికి ఇది మొదట్లోనే తెలియాలి. మన లెక్కలు నగదు పద్ధతిలో ఉంటాయి. డబ్బు కదిలితేనే లెక్క. కట్టాల్సిన బిల్లు కట్టకుండా ఉంచితే లోటు తక్కువగా కనిపిస్తుంది. ఆహార సబ్సిడీలో కొన్నేళ్లు ఇదే జరిగింది. 2016-17 నుంచి సబ్సిడీ పూర్తిగా ఇవ్వకుండా, ధాన్యం కొని పంచే ఎఫ్‌సీఐ (భారత ఆహార సంస్థ) చేత చిన్న మొత్తాల పొదుపు నిధి నుంచి అప్పు చేయించారు. ఆ అప్పు కేంద్రం ద్రవ్యలోటులో కనబడదు. కాగ్ దీన్ని ఎత్తిచూపింది. 2021 ఫిబ్రవరి బడ్జెట్‌లో ఆ పద్ధతి ఆపేసి పాత బాకీలన్నీ లెక్కలోకి తెచ్చారు, 2020-21లో 1.15 లక్షల కోట్లు అనుకున్న ఆహార సబ్సిడీ సవరించిన అంచనాల్లో 4.22 లక్షల కోట్లయింది. అది మంచి పని, ఆలస్యంగా జరిగిన మంచి పని. మన రెండు రాష్ట్రాల్లో కాంట్రాక్టర్ల బిల్లులు, రిటైరైన ఉద్యోగుల బకాయిలు పెండింగులో పెట్టినప్పుడు జరిగేది కూడా ఇదే సూత్రం, లెక్కలో లోటు తగ్గుతుంది, బాకీ మాత్రం ఎవరో ఒకరి ఇంట్లో ఉంటుంది. చెల్లించని బిల్లుల జాబితా కూడా నెలవారీ లెక్కతో పాటే ప్రచురించాలన్నది నా కోరిక. అది సీజీఏ ఒక్కరి చేతిలో లేదు. కానీ ప్రభుత్వానికి ప్రధాన అకౌంటింగ్ సలహాదారు సీజీఏనే కాబట్టి, లోపల గట్టిగా చెప్పాల్సిన మనిషి ఆ కుర్చీలోనే ఉండాలి.

మీ తమ్ముడికి ఈ సర్వీసు తీసుకోమనే చెప్తాను. కారు, బంగ్లా, జిల్లాలో పేరు కావాలంటే ఇది కాదు, అది ముందే తేల్చుకోమనండి. ట్రైనింగ్ అయ్యాక మొదటి పోస్టింగ్ ఎక్కువ గ్రాంట్లు ఇచ్చే శాఖలో అడగమనండి, జీతాలూ టూర్ బిల్లులూ మాత్రమే చూసే చోట నేర్చుకునేది తక్కువ. చేరే లోపు సీజీఏ వెబ్‌సైట్‌లో గత ఏడాది నెలవారీ లెక్కలు తీసుకుని, ఏ నెలలో ఖర్చు ఎందుకు పెరిగిందో, పన్నులు ఏ నెలలో ఎందుకు ఎగిశాయో తనంతట తాను ఒకసారి రాసుకోమనండి. జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల దగ్గర మొదలుపెడితే త్వరగా అర్థమవుతుంది.